విశాఖలో పనసపొట్టు కూర పెట్టే హోటల్ కోసం

విశాఖపట్నంలో హోటళ్లకు కరువు లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగి ద్వారకానగర్ వైపు నడిచినా, ఆసీల్‌మెట్ట వైపు నడిచినా కాసేపట్లో కడుపు నిండుతుంది. బిర్యానీ కావాలంటే జగదాంబ కూడలి ఉంది, సముద్రం చూస్తూ తినాలంటే బీచ్ రోడ్డు ఉంది. నాకు కావలసింది మాత్రం ఈ ప్రాంతపు ఇళ్లలో వండుకునే భోజనం. బెల్లం పడిన పులుసు, నువ్వుల పిండి చల్లిన కూర, ఇంగువ చారు, అన్నిటికంటే ముఖ్యంగా ఆవ పెట్టిన, అంటే ఆవాలు నూరి కలిపిన పనసపొట్టు. ఇంత మహానగరంలో వాటి కోసం, ఒకే ఒక్క వీధి ఉన్న ఊళ్లో మంచి హోటల్ వెతుక్కునేవాళ్లలా తిరగాల్సి వచ్చింది.

నేను పుట్టి పెరిగింది నెల్లూరులో. మా అమ్మమ్మగారిది బొబ్బిలి దగ్గర పల్లె. వేసవి సెలవులకు వెళ్లినప్పుడు తిన్న తిండి నాలుక మీద ఉండిపోయింది. బ్యాంకులో విశాఖకు బదిలీ అయిందని తెలియగానే మా అమ్మ, 'ఇక నీకేమే, రోజూ అమ్మమ్మ వంటే' అంది. పిల్లవాడి పదో తరగతి పూర్తయ్యేదాకా మా ఆయన, వాడు నెల్లూరులోనే ఉండాలనుకున్నాం. సీతమ్మధారలో చిన్న వాటా అద్దెకు తీసుకున్నాను. ఒక్కదానికోసం పొయ్యి వెలిగించడం నాకు మొదటినుంచీ గిట్టదు. ఉదయం ఫలహారం, మధ్యాహ్నం భోజనం బయటే అని ముందే తీర్మానించుకున్నాను.

ఫలహారం సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. విశాఖలో ఇడ్లీ, పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి బాగుండని చోటు వెతకడమే కష్టం. తోపుడు బండి దగ్గర కూడా చట్నీ తాజాగానే ఉంటుంది, ఎందుకంటే బండి పెట్టిన రెండు మూడు గంటల్లో సరుకంతా అయిపోతుంది. చిక్కంతా మధ్యాహ్నంతోనే.

కార్యాలయంలో అడిగాను. 'మంచి భోజనం ఎక్కడ?' అంటే అందరూ అవే పేర్లు చెప్పారు: దసపల్లా, టిఫిన్లకైతే వెంకటాద్రి వంటిల్లు, సాయిరామ్ పార్లర్, బిర్యానీకైతే ఆల్ఫా. పేరున్న చోట్లే, కాదనను. చుట్టాలు వస్తే నేనూ అక్కడికే తీసుకువెళ్తాను. కానీ గమనించండి, ఎవరినైనా 'మంచి హోటల్ ఏది' అని అడిగితే తాము రోజూ తినే చోటు చెప్పరు, మనల్ని తీసుకువెళ్తే తమకు చిన్నతనంగా ఉండని చోటు చెబుతారు. ఫోనులో నక్షత్రాలు చూసి వెతకడమూ ఇంతే. రాసినవాళ్లలో సగం మంది అరకు వెళ్తూ దారిలో ఆగిన యాత్రికులు. సముద్రం బాగా కనిపించిందనో, కారు పెట్టుకోవడానికి చోటుందనో అయిదు నక్షత్రాలు వేసి పోతారు. చారు ఎలా ఉందో ఒక్కరూ రాయరు.

నక్షత్రాలను నమ్మి సముద్రం ఎదురుగా ఉన్న ఒక పెద్ద హోటలుకు వెళ్లాను. పేరు అనవసరం. గుడ్డ పరిచిన బల్ల, ఇత్తడి పళ్లెం, చుట్టూ చిన్న చిన్న గిన్నెలు. 'ఉత్తరాంధ్ర ప్రత్యేక భోజనం' అని పట్టికలో ఉంది, ధర కూడా ప్రత్యేకంగానే ఉంది. బెండకాయ, వంకాయ, దొండకాయ మూడింటికీ ఒకే ఎర్రటి ముద్ద పట్టించారు. కళ్లు మూసుకుని తింటే ఏది ఏ కూరో చెప్పలేం. 'ఆవ పెట్టిన కూర ఏమైనా ఉందా బాబూ' అని వడ్డించే అబ్బాయిని అడిగితే, లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, 'ఆవకాయ ఉందండీ' అన్నాడు. పాపం, వాడి తప్పేమీ లేదు.

మా ఇంటి యజమాని ఓడరేవులో పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దాయన. సాయంత్రం మేడ మీద మొక్కలకు నీళ్లు పోస్తూ నా గోడు విని నవ్వారు. 'తల్లీ, 1933లో రేవు తెరిచారు. ఆ తరువాత నౌకల కర్మాగారం, నేవీ, ఉక్కు ఫ్యాక్టరీ. ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వచ్చినవాడల్లా బయటివాడు. హోటలు పెట్టేవాడు ఆ వచ్చినవాడి నాలుకే చూస్తాడు. ఊరివాడికి హోటలెందుకు, ఇంటికి పోయి తింటాడు.' ఆ తరువాత వీధుల్లో బోర్డులు చూస్తూ నడిస్తే ఆయన మాట ఎంత నిజమో తెలిసింది. బెంగాలీ భోజనం ఉంది, కేరళ మెస్సు ఉంది, పంజాబీ ధాబా ఉంది. 'ఆంధ్రా భోజనం' అని ఉన్నచోట గోంగూర, కందిపొడి, పప్పుచారు ఉన్నాయి. అది కృష్ణా గుంటూరు జిల్లాల రుచి. ఆ రుచి అంటే నాకూ ఇష్టమే. కానీ బొబ్బిలి రుచి వేరు. అక్కడ పప్పులోనూ చిన్న బెల్లం ముక్క పడుతుంది, కారం వెనక బెంచీలో కూర్చుంటుంది.

రోజూ బయట తినేవాళ్లకు పనికొస్తుందని ఇక్కడ ఒక మాట చెబుతాను. కొత్త హోటల్లో కూర్చున్నప్పుడు నేను కూరలు పట్టించుకోను, చారు చూస్తాను. వడ్డించే మనిషి బకెట్టులో గరిటె ఎంతవరకు ముంచుతాడన్నది అసలు విషయం. పైన తేరిన నీళ్లు తీసి గబగబా పోసుకుంటూ పోయాడంటే ఆ వంటింట్లో ఎవరికీ ఏమీ పట్టదన్నమాట. అడుగు నుంచి ఒకసారి తిప్పి, కొత్తిమీర కాడలు, దంచిన మిరియం పైకి లేచాక పోశాడంటే ఆ హోటలుకు రెండోసారి వెళ్లవచ్చు. అడగకుండానే రెండో గరిటె పోస్తే నెలకు టోకెన్లు కొనేయవచ్చు. ఇంకొకటి, వేళ. పన్నెండున్నరకు తిన్న భోజనం, రెండున్నరకు తిన్న భోజనం ఒకే హోటలువి అంటే నమ్మలేం. రెండింటికి వేపుడు మెత్తబడుతుంది, పప్పు గట్టిపడిందని వేడినీళ్లు పోస్తారు. ఏ చోటైనా తీసిపారేసే ముందు ఒకసారి పెందలాడే వెళ్లి చూడాలి.

ఈ తిరుగుడులో మొదటి ఆనవాలు మా వీధి చివరి కర్రీ పాయింటులో దొరికింది. విశాఖలో ఉద్యోగస్తుల ఇళ్లు సగం వీటి మీదే నడుస్తాయి. అన్నం ఇంట్లో వండుకుని, కూరా పప్పూ కవర్లలో మూట కట్టించుకుని తెచ్చుకుంటారు. ఒక సాయంత్రం అక్కడ తీపి గుమ్మడికాయ పులుసు కనిపించింది. ఇంటికి తెచ్చి మూట విప్పగానే వాసనే చెప్పేసింది. పులుపు ముందు తగిలి, తరువాత బెల్లం తీపి, చివర నువ్వుల పిండి కమ్మదనం. మర్నాడు వెళ్లి మళ్లీ కావాలంటే ఆ దుకాణం ఆవిడ, 'రోజూ చెయ్యనమ్మా, కూర తియ్యగా ఉందని కొందరు వెనక్కి తెచ్చి ఇచ్చేస్తున్నారు' అంది. చేయడం తెలిసినవాళ్లు ఉన్నారు, అడిగేవాళ్లే లేరని అప్పుడు అర్థమైంది. ఆవ పెట్టిన కూర సంగతి అడిగితే రెండు చేతులూ అడ్డంగా ఊపింది. 'పొద్దున వండి రాత్రిదాకా అమ్ముతాం. ఆవ ఆగుతుందా?'

ఆగదు. అసలు కారణమంతా అక్కడే ఉంది. ఆవాలు నూరినప్పుడు పుట్టే ఘాటు వేడికి నిలవదు. ఉడుకుతున్న కూరలో కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. కూర దించి, వేడి తగ్గాక కలపాలి. కలిపాక మళ్లీ పొయ్యి ఎక్కించకూడదు. హోటల్ నడిచేదేమో మళ్లీ మళ్లీ వేడి చేయడం మీద. పదింటికి వండినదాన్ని మూడింటిదాకా పొగలు కక్కేలా ఉంచగలిగితేనే నాలుగు డబ్బులు. అందుకే మసాలా ముద్ద గెలిచింది, ఆవ ఇంట్లో ఉండిపోయింది. పైగా పనసపొట్టు కొట్టడానికి మనిషి కావాలి. ఏడాది పొడుగునా దొరకదు కూడా, లేత పనసకాయలు వచ్చే రోజులే దానికి కాలం.

మధ్యలో చేపల ముచ్చట ఒకటి. శాకాహారం దొరకకపోతే చేపల పులుసైనా తిందామని ఫిషింగ్ హార్బరుకు వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న హోటలుకు వెళ్లాను. అవి మే నెల ఎండలు. గోడమీద వంజరం, చందువ, రొయ్యలు, పీతలు అని రాసి ఉంది. వంజరం పులుసు అడిగితే గల్లాపెట్టె దగ్గరి పెద్దమనిషి, 'లేదమ్మా, వేట లేదు కదా' అన్నారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులపాటు, మరపడవలు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. ఇంజన్ లేని తెప్పలకు అడ్డు లేదు గానీ అవి తెచ్చేది ఎంతని. 'మరి మిగతా హోటళ్లలో ఉందంటున్నారే' అన్నాను. 'ఉంటుంది. ఐసులో ఉంటుంది' అన్నారాయన. ఆ పూట ఎండునెత్తళ్లు వంకాయ వేసిన కూర పెట్టారు. లేనిదాన్ని లేదని చెప్పే హోటలుకు నేను దాసోహం. అప్పటినుంచి సముద్రపు చేపలు తినాలంటే జూన్ చివరిదాకా ఆగి అక్కడికే వెళ్తున్నాను.

మళ్లీ పనసపొట్టు దగ్గరికి వద్దాం. రెండు పనులు చేశాను. మొదటిది, అడిగే ప్రశ్న మార్చాను. 'మంచి హోటల్ ఏది' అనడం మానేసి 'నిన్న మధ్యాహ్నం ఎక్కడ తిన్నారు' అని అడగడం మొదలుపెట్టాను. జవాబులు ఒక్కసారిగా మారిపోయాయి. పేరున్న హోటల్ ఒక్కటి కూడా రాలేదు. 'అక్కయ్యపాలెంలో ఒక ఇంట్లో పెడతారండీ', 'డాబాగార్డెన్స్‌లో కోర్టు గుమస్తాలు తినే మెస్సు', 'మా అత్తగారు క్యారేజీ కడతారు.' వీటిలో కొన్ని చూశాను. శుభ్రంగా ఉన్నాయి, ధర తక్కువ, కానీ నాకు కావలసిన రుచి లేదు.

రెండోది అనుకోకుండా తట్టింది. సీతమ్మధార రైతుబజారులో కాయగూరలు కొంటుంటే టకటకమని చప్పుడు. ఒకామె చిన్న పీట మీద కూర్చుని పనసకాయ కొడుతోంది. కత్తికీ అరచేతులకూ నూనె రాసుకుంది, లేకపోతే పనస జిగురు వదలదు. తొక్క చెక్కేసి, కాయను నిలువునా చీల్చి, కత్తిని ఒకే తీరున ఆడిస్తుంటే పొట్టు రవ్వలా రాలుతోంది. కాయను ఎడమచేత్తో కొద్దికొద్దిగా తిప్పడం తప్ప ఆ చెయ్యి కదలడం లేదు. చూపు కాయ మీద లేదు, ఎదురుగా బేరమాడుతున్న మనిషి మీద ఉంది. నాకు అప్పుడు తోచింది. వండేవాళ్లను వెతికే బదులు కొనేవాళ్లను వెతికితే సరిపోదా!

'ఎక్కువగా ఎవరు కొంటారమ్మా, పెళ్లిళ్లవాళ్లేనా?' అన్నాను.

'పెళ్లిళ్లవాళ్లే. వంట బ్రాహ్మలు వస్తారు.'

'హోటలువాళ్లు ఎవరూ కొనరా?'

కత్తి ఆపింది. 'హోటలంటే... ఒక ముసలాయన వస్తాడు సైకిలు మీద. వారానికి రెండు కాయలు కొట్టించుకుపోతాడు. నలుగురికి భోజనం పెడతారట వాళ్లింట్లో.'

ఆ ముసలాయన వచ్చే వేళ కనుక్కుని, మరో ఉదయం అక్కడే కాపు కాసి పట్టుకున్నాను. నన్ను ఎగాదిగా చూసి, 'బోర్డు లేదమ్మా మాకు, మీరు ఎలా కనుక్కున్నారు' అన్నారు. చెబితే తెగ సంబరపడ్డారు. వివరం అడిగితే ముందు 'మీది ఏ ఊరు' అన్నారు. అమ్మమ్మగారి ఊరు చెప్పాను, నెల్లూరు సంగతి ఎత్తలేదు.

ఆ ఇల్లు అల్లిపురం దగ్గర సందులో ఉంది. పాతకాలపు పెంకుటిల్లు, ముందు వసారాలో నాలుగు బల్లలు. వాళ్ల పేర్లూ ఇంటి గుర్తులూ రాయడం లేదు. వాళ్లే వద్దన్నారు, ఉన్నవాళ్లకే సరిపోవడం లేదట. భార్య వంట, భర్త వడ్డన. ముందురోజు రాత్రి ఎనిమిదింటిలోగా ఫోను చేసి చెప్పినవాళ్లకే ఆకు వేస్తారు. వచ్చేది ఎక్కువగా రైల్వేలో, రేవులో పనిచేసే ఒంటరి మగవాళ్లు, ఒకరిద్దరు ఉపాధ్యాయులు. నేను ఆవిడను 'పిన్నిగారూ' అని పిలిచాను. ఆవిడ నన్ను మొదటి రోజు 'మేడమ్' అని, మూడో ముద్ద దిగేసరికి 'అమ్మాయీ' అన్నారు.

పనసపొట్టు ఉన్న రోజున కావాలని పెందలాడే వెళ్లి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. పొట్టును పసుపు, ఉప్పు వేసి ఉడికించి, పలచటి గుడ్డలో వేసి నీరు పిండేశారు. బాణలిలో శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, జీడిపప్పు, కరివేపాకు వేగాక ఇంగువ పడింది. చింతపండు గుజ్జు పచ్చివాసన పోయేదాకా ఉడికాక పొట్టు వేసి, పొడిపొడిగా అయ్యేదాకా కలిపి దించేశారు. దించి, పక్కన పెట్టి, వేరే పని చూసుకోసాగారు. నాకు ఆత్రం. 'ఆవ పిన్నిగారూ?' అంటే 'ఉండవమ్మా' అని కసిరారు. పావుగంట తరువాత వచ్చి, చూపుడువేలు వెనక్కి మడిచి, ఆ కణుపును కూర మీద ఆనించి చూశారు. చాలదన్నట్టు తల ఊపి వెళ్లిపోయారు. మళ్లీ వచ్చి చూసి, అప్పుడు నానిన ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, ఉప్పు నూరడం మొదలుపెట్టారు. ముద్దను కొద్దిగా పచ్చినూనెతో కలిపి కూరకు పట్టించగానే గుమ్మం దగ్గరున్న నా ముక్కు అదిరింది.

వడ్డన మొదలైంది. వేడి అన్నంలో చల్లారిన కూర కలిపాను. ఘాటు ముక్కులోకి ఎక్కి, కళ్లలో నీళ్లు తిరిగి, వెంటనే దిగిపోయింది. మిరపకారంలా నాలుకను పట్టుకుని వేలాడదు. తరువాత బెల్లం ముక్క వేసిన పప్పు, ఆనపకాయ పులుసు, ఇంగువ చారు, గడ్డపెరుగు. చారు పోసేముందు బాబాయిగారు గరిటె అడుగుదాకా తిప్పారు. ఏ కూరా పొగలు కక్కలేదు, అన్నం తప్ప. హోటలు భోజనానికి అలవాటుపడినవాళ్లు చల్లారిన కూరలని ముఖం ముడుస్తారని, ఆ భయంతోనే కొత్తవాళ్లను చేర్చుకోరని ఆయన చెప్పారు.

వెతుక్కునేవాళ్ల కోసం కొన్ని సంగతులు. ఇలాంటి ఇళ్లు విశాఖలో ఇదొక్కటే అయి ఉండదు. పనసపొట్టు కొట్టేవాళ్లను, కంద బచ్చలి అమ్మేవాళ్లను అడగండి, పూర్ణా మార్కెట్‌లో అయినా సరే. అనకాపల్లి అచ్చు బెల్లం చిల్లరగా కాక దిమ్మలుగా ఎవరు కొంటున్నారో కిరాణా దుకాణంలో అడగండి. మిఠాయి చేసేవాళ్లు కాకపోతే పులుసు కాచేవాళ్లే. దొరికాక మాత్రం వాళ్ల పద్ధతికి మనం సర్దుకోవాలి. వస్తానని చెప్పి మానేస్తే ఆ ఆకు అన్నం వృథా, రెండోసారి ఫోను ఎత్తరు. నేను వెళ్లే చోట భోజనం 130 రూపాయలు, ఆవ కూర ఉన్న రోజూ అంతే. ఒంటిగంటన్నర దాటితే తలుపు వేసేస్తారు. బ్యాంకులో భోజన విరామం అటూ ఇటూ అయితే ఆ పూట ఊసు లేదు. అమావాస్యకు, ఆదివారాలకు సెలవు.

మొన్న మా ఆయన వచ్చినప్పుడు ఎంతో గొప్పగా తీసుకువెళ్లాను. ఆయనది నికార్సయిన నెల్లూరు నాలుక. పులుసు నోట్లో పెట్టుకుని నా వైపు చూశారు, పిన్నిగారి వైపు చూశారు, మర్యాదకు మొత్తం తిన్నారు. బయటికి వచ్చాక, 'ఇందులో బెల్లం ఎవరైనా పొరపాటున వేశారా?' అని అడిగారు. ఆయన ఎక్కువగా శనివారం రైలుకు వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోతారు కాబట్టి పేచీ రావడం లేదు. ఆదివారం ఎలాగూ అల్లిపురం మూత. ఇద్దరం హార్బరు దారిలోని హోటలుకు వెళ్లి, ఆ వేళకు ఏ చేప ఉందంటే అదే తింటున్నాం.